మస్కట్ చేపను వేలంలో గెలిచిన వైనం

ఒక మనిషి తనంత పొడవున్న చేపను, తనకు ఏమాత్రం అక్కరలేని చేపను, ఎవరూ బలవంతపెట్టకుండా, తన కుడిచెయ్యి తానే పైకెత్తి కొనుక్కుంటుందా అని మీరు అడిగితే, కొనుక్కుంటుంది అని చెబుతాను. ఆ మనిషిని నేనే. ఆ రోజు జరిగిన ఘోరాన్ని మా ఇంట్లో ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు లేవనెత్తుతారు. వాళ్లు చెప్పేది నమ్మకండి. వాళ్లు నవ్వుతూ చెబుతారు. నవ్వుతూ చెప్పేవాళ్లు సగం కలుపుతారు. నేను నవ్వను. కాబట్టి నేను చెప్పేదే వినండి.

మాది మెట్‌పల్లి. నేను మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఐదుకు పోవలసిన సంవత్సరం మా బాపుకు పసుపు తవ్వడానికి మనుషులు దొరకలేదు. నా రాతలో తప్పులు కనిపిస్తే ఆ పసుపును అడగండి. ఇల్లు నడపడం మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్క అగ్గిపుల్లతో రెండు పొయ్యిలు వెలిగించే మనిషిని. సబ్బు అరిగి తమలపాకంత పలచబడితే పారెయ్యను, కొత్త సబ్బు వీపుకు అతికిస్తాను. అది నాలుగు రోజుల్లో ఊడి కాలువలో పడుతుందని మా అల్లుడు అంటాడు. పడనీ. అతికించడం నా ధర్మం.

మా బిడ్డ సుగుణ మస్కట్‌లో నర్సు. అల్లుడు ప్రభాకర్ అక్కడే ఒక గోదాములో పనిచేస్తాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, షారోను. ఇప్పుడు ఇంటరు చదువుతోంది గానీ, నేను చెప్పే సంగతి నాటికి ఎనిమిదేళ్ల పిల్ల. నేను వాళ్లను చూడటానికి మస్కట్ వెళ్లిన సంవత్సరం, తిరుగు ప్రయాణంలో ఆ పిల్లను నాతో తెచ్చుకుని వేసవి సెలవులన్నీ మెట్‌పల్లిలో ఉంచుకోవాలని నాకు గట్టిగా ఉండేది. మనవరాలు పుట్టి ఎనిమిదేళ్లయినా నా ఇంట్లో ఒక్క వానాకాలమో ఎండాకాలమో గడపలేదు. నా పక్కన పడుకోలేదు. పిల్లకూ రావాలనే ఉంది. అడ్డం పడింది దాని తల్లి.

“అవ్వా, దాన్ని నీతోని తోలిస్తే రెండు నెలలల్ల నీ లెక్కనే తయారైతది,” అంది సుగుణ. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తారు.

“నా లెక్క అంటే ఏంది?”

“కూరగాయలోనితోని కొట్లాడుడు, ఆటోవోనితోని కొట్లాడుడు, కొసరు కోసం చెయ్యి చాపుడు. నా బిడ్డ మర్యాదగ పెరగాలె.”

“నువ్వు నా దగ్గరనే పెరిగినవ్ కదనే?”

“అందుకే చెప్తున్న.”

ఒలుస్తున్న చిక్కుడుకాయను ఈనె తియ్యకుండానే గిన్నెలో వేశాను. అట్లా జరగడం అరుదు.

కొసరు అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదేమో చెబుతాను. తూకం వేసి సంచిలో పోశాక, అమ్మేవాడు పైనుంచి ఇంకో గుప్పెడు వేస్తాడు. దానికి ధర లేదు. అది వేయడం వాడి మర్యాద, వేయించుకోవడం నా హక్కు. కొసరు లేని బేరం నాకు ఉప్పు లేని పప్పు.

చివరికి సుగుణ ఒక మాట మీదికి వచ్చింది. “రేపు శుక్రారం. నాకు డ్యూటీ లేదు. పొద్దంత అంగడి తిరుగుదాం, ఆడనే హోటల్ల తిందాం. నువ్వు బేరం చెయ్యద్దు, కొసరు అడగద్దు, ఎవ్వలతోని లొల్లి పెట్టుకోవద్దు. ఇంటికొచ్చేదాక గట్ల ఉన్నవంటే షారోనును నీతోని తోలిస్త.”

“సాక్ష్యం ఎవ్వలు?”

“నేనే!” అని షారోను గంతులేసింది.

అల్లుడు టీ తాగుతూ అన్నాడు: “అత్తమ్మా, గిప్పుడే ఓడిపోయినట్టు ఒప్పుకుంటే పోతది కదా. రేపు ఎండల పరేషాన్ ఎందుకు?”

“నువ్వు టీ తాగు ప్రభాకర్,” అన్నాను.

తెల్లారి కూరగాయల అంగడికి పోయాం. అక్కడి బెండకాయలు చూస్తే నా వేళ్లు దురదపెట్టాయి. బెండకాయ కొస విరవకుండా కొనడమంటే మనిషి ముఖం చూడకుండా పిల్లనివ్వడం. అయినా విరవలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టి పెట్టుకున్నాను. అమ్మేవాడు ధర చెప్పాడు. సుగుణ దాన్ని మన డబ్బులోకి మార్చి నా చెవిలో చెప్పింది. కావాలనే చెప్పింది, నన్ను రెచ్చగొట్టడానికే. నా గొంతులోంచి ఎడ్లబండి ఇరుసు చేసే చప్పుడు ఒకటి వచ్చింది.

“అమ్మమ్మా!” అంది షారోను, పోలీసులాగా.

“దగ్గు బిడ్డా.”

కొత్తిమీర దగ్గర మాత్రం ఒక పని చేశాను. తూకం అయిపోయాక సంచి మూతి తెరిచి పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. నోరు విప్పలేదు. సంచి తెరిచి నిలబడటం అడగడం కిందికి ఎట్లా వస్తుంది, మీరే చెప్పండి. షారోను వచ్చి ఆ సంచి మూతిని తన చిన్న చేతులతో మూసేసింది.

మధ్యాహ్నం హోటల్లో కూర్చున్నాం. ఇంకా మేము ఏమీ చెప్పకముందే ఆ పిల్లగాడు కీర ముక్కలు, నిమ్మకాయ, పచ్చడి, ఏదో చారు తెచ్చి మా ముందు పెట్టాడు. అడగకుండా పెట్టేవాడు ఊరికే పెడతాడా? నేను వాటిని వేలితో కూడా ముట్టకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వప్ప, అంటే మా బియ్యప్పిండి రొట్టె, మూట విప్పి తినడం మొదలుపెట్టాను. సుగుణ తల రెండు చేతుల్లో పట్టుకుంది.

“అవ్వా, అవి ఫ్రీ.”

“గట్లనే అంటరు.”

“నిజంగనే ఫ్రీ అవ్వా. అందరికీ ఇస్తరు.”

ఆ మాట చెప్పడానికి ఆమె ఎందుకు ఆలస్యం చేసిందో ఇప్పటికీ తెలియదు. అప్పటికే నాకు సర్వప్పతో కడుపు నిండింది. అయినా వాళ్లు పెట్టిందంతా తిన్నాను. కీర ముక్కలు తిన్నాను, చారు తాగాను, నిమ్మచెక్కను కూడా వదల్లేదు. ఆ తర్వాత అన్నం, చేప వచ్చాయి. అవీ తిన్నాను. లేచేటప్పుడు కుర్చీ కూడా నాతో లేచింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాయంత్రం జరిగినదానికి సగం కారణం ఆ కడుపే. నిండు కడుపుతో నిలబడ్డ మనిషికి ధైర్యం ఎక్కువ, ఆలోచన తక్కువ.

ఇక చేపల అంగడి. అది సముద్రం ఒడ్డునే ఉంది. సుగుణ మమ్మల్ని ఒక స్తంభం పక్కన నిలబెట్టి, “నేను చిన్న చేపలు జర్రన్ని తీసుకొస్త. గీడనే ఉండుండ్రి. ఏం ముట్టుకోకుండ్రి,” అని పోయింది.

నేను ఏదీ ముట్టుకోలేదు. అది ముందే రాసిపెట్టుకోండి.

మా ముందు గచ్చు మీద ఒక చేపను వేశారు. దాని పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కొత్త స్టీలు బిందెలా మెరుస్తోంది. మా చెరువులో కొర్రమీను దాని ముందు మునిమనవడిలా ఉంటుంది. చుట్టూ పదిమంది మగవాళ్లు మూగారు. కుట్టుపని చేసిన టోపీ పెట్టుకుని, చేతిలో కర్రతో ఒక పెద్దమనిషి ఏదో అరవసాగాడు. ఒకడు చెయ్యెత్తాడు. ఆయన ఇంకో మాట అరిచాడు. ఇంకొకడు తలూపాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అంతా అర్థమైంది. వేలంపాట!

ఇక్కడ మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి. ఏటేటా మా చర్చిలో కోత పండుగ చేస్తాం. అందరూ తమ పంటలో మొదటిది తెస్తారు. గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, మక్క కంకులు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక వాటికి వేలం. వచ్చేది దేవుని పనికి పోతుంది కాబట్టి ధర పెరిగితే అందరికీ సంతోషమే. గెలిచినవాళ్లు కూడా ఆ వస్తువును ఇంటికి మోసుకుపోరు. “మళ్ల పాడుండ్రయ్యా” అని తిరిగి ఇచ్చేస్తారు. ఒకే గుమ్మడికాయ సాయంత్రం దాకా సంఘమంతా తిరిగి, చివరికి పాస్టరయ్య వంటింట్లోకి చేరుతుంది.

అందులో నాకొక పని ఉంది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. మా సంఘంలో రైస్‌మిల్లు యేసురత్నం అని ఒకాయన ఉన్నాడు. మిల్లు పెద్దది, చెయ్యి చిన్నది. ఎవరూ పోటీకి రాకపోతే కోడిపుంజును కోడిగుడ్డు ధరకు కొట్టేస్తాడు. కాబట్టి నేను చెయ్యెత్తుతాను. ఆయన పెంచుతాడు. నేను మళ్లీ ఎత్తుతాను. ఆయన చెయ్యి మీసం మీద ఉన్నంతసేపూ ఆయనలో ఇంకో పాట మిగిలి ఉన్నట్టే. చెయ్యి మీసం దిగగానే నేను ఆపేస్తాను. ఇన్నేళ్లలో ఒక్క గుమ్మడికాయ కూడా నా నెత్తిన పడలేదు. అంత గురి నాది.

సరే, మస్కట్‌కు వద్దాం. ఆ చేపను ఎవరో హోటల్ ఆయన చవగ్గా పట్టుకుపోయేట్టున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. పక్కనే ఆ చేపను పట్టి తెచ్చిన ముసలాయన, మోకాళ్ల దాకా తడిసిన బట్టలతో, నోరు తెరవకుండా చూస్తున్నాడు. రాత్రీ పగలూ సముద్రంలో ఉన్నవాడి కష్టాన్ని మీసం దువ్వుకుంటూ ఎత్తుకుపోవడమా? అవును, ఆ హోటల్ ఆయనకు మీసం ఉంది. ఆయన చెయ్యి దాని మీదే ఉంది.

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది.

టోపీ పెద్దమనిషి నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, గొంతు పెంచాడు. హోటల్ ఆయన తలూపాడు. నేను మళ్లీ ఎత్తాను.

“అమ్మమ్మా, చెయ్యి కిందికి దించు!” షారోను నా కొంగు లాగింది.

“ఎందుకే?”

“నువ్వు కొంటున్నవ్!”

“కొంటలేనే పిచ్చిదానా. పెంచుతున్న.”

“అమ్మ బేరం చెయ్యద్దన్నది!”

“బేరమంటే తగ్గించుడు. నేను తగ్గిస్తున్ననా?”

పిల్ల ఆలోచించింది. “లే.”

“లొల్లి పెడుతున్ననా?”

“లే.”

“మరి? ఊకో.”

మళ్లీ ఎత్తాను. ఆయన మళ్లీ తలూపాడు. చెయ్యి మీసం మీదే ఉంది. ఇంకో పాట ఉంది. మళ్లీ ఎత్తాను. అప్పుడాయన చేపను చూశాడు, నన్ను చూశాడు, చిన్నగా నవ్వి, రెండడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి మాత్రం ఇంకా మీసం మీదే! అన్యాయం కాదా ఇది? తర్వాత దగ్గరి నుంచి చూస్తే తెలిసింది, మీసంలో చేప పొలుసు ఇరుక్కుంది, దాన్ని పీకుతున్నాడు. అంత పెద్ద హోటల్ నడిపేవాడికి ఇంట్లో ఒక అద్దం ఉండొద్దా?

టోపీ పెద్దమనిషి కర్రతో నా కాళ్ల ముందు నేల మీద టక్కున కొట్టాడు. చేప నాదయింది.

నేనేం కంగారుపడలేదు. మా పద్ధతి ఉంది కదా. కరీంనగర్ జిల్లాలో పుట్టినవాళ్లకు జర ఉర్దూ రానే వస్తుంది. చేతులు జోడించి, “వాపస్ లేలో భాయ్, ఫిర్ సే పాట పెట్టో,” అన్నాను. ఆయన షారోను వైపు చూశాడు. షారోను తన బడి హిందీలో విడమరిచి చెప్పింది. ఆయన అడిగినదాన్ని నాకు తెలుగులో చెప్పింది.

“అమ్మమ్మా, చేప మంచిగ లేదా అని అడుగుతుండు.”

“మస్తుంది అని చెప్పు.”

“మరి వాపస్ ఎందుకని అడుగుతుండు.”

“మా తాన గట్లనే, గెలిచినోళ్లు తీస్కపోరని చెప్పు.”

పిల్ల చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

“కొన్నోళ్లు తీస్కపోకుంటే మరి తినేదెవ్వలు అని అడుగుతుండు అమ్మమ్మా.”

“పాస్టరయ్య.”

దాన్ని షారోను హిందీలో ఎట్లా చెప్పిందో నాకు తెలియదు గానీ, ఆయన సముద్రం వైపు, ఆకాశం వైపు చూసి, కర్రతో మళ్లీ ఒకసారి నేలను కొట్టాడు. కొన్నది కొన్నట్టే అని అర్థం.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ఇంకో రోజైతే ఆ అంగడి కప్పు ఎగిరిపోయేది. ఎంత మంచి మంచి మాటలు నా గొంతులో వరసగా వచ్చి నిలబడ్డాయో! ఒక్కొక్కటి పదును పెట్టిన కొడవలే. కానీ షారోను నా వేలు పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది. ఒక్క మాట జారితే వేసవి పోతుంది, పిల్ల పోతుంది. మాటలన్నీ మింగేశాను. హోటల్లో తిన్నదాని మీద అవి కూడా పోయి కూర్చున్నాయి. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని నిలబడటం అదే మొదలు, అదే ఆఖరు.

అప్పుడే సుగుణ గుప్పెడు చిన్న చేపల సంచితో వచ్చింది.

“ఏమైందే, గింతమంది జమైన్రు? ఈ చేప ఎవ్వలిది?”

“మనది,” అంది షారోను.

“మనదెట్లైంది?”

“అమ్మమ్మ బేరం చెయ్యలే అమ్మా. ఎక్కువిస్త అన్నది.”

సుగుణ డబ్బు తీసి ఇచ్చిన తీరు గురించి మాట్లాడను. ధర కూడా అడగకండి, చెప్పను. ఆమె అరవలేదు. నర్సులు అరవరు. మెల్లగా అంది: “షారోను యాడికి రాదు అవ్వా. ఇగ ఆ ముచ్చటే తియ్యకు.”

“నేను ఏ మాట తప్పిన్నే?”

“తప్పలే. ఇల్లు ముంచినవ్.”

ఆ ముసలి జాలరి మాత్రం వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగి, గుండె మీద చెయ్యి పెట్టి తల వంచాడు. ఆ రోజు నన్ను మనిషిగా చూసింది ఆయన ఒక్కడే. దానికే నాకు కళ్ల నీళ్లు రావలసింది, కానీ చేపను ఇద్దరు మనుషులు బండి మీద తోసుకుపోతుంటే దాని వెంట ఉరకాల్సి వచ్చింది.

కోసేవాళ్లు ఒక పక్కన బల్లల దగ్గర ఉంటారు. కోసేవాడు చేపను ఎగాదిగా చూసి కూలి ఎంతో చెప్పాడు. సుగుణ ముందు హిందీలో, “ఎంత?” అంది. వాడు మళ్లీ చెప్పాడు. అంతే. మా బిడ్డ నర్సు టోపీ, మర్యాద, హిందీ అన్నీ ఆ గచ్చు మీద పారేసింది.

“ఏందయ్యా, చేపను కోస్తున్నవా, ఆపరేషన్ చేస్తున్నవా? నేను దవఖానల చేస్త. మనిషి కడుపు కోసి కుట్టేసినా గింత అడగరు! బల్ల నీదా? కత్తి నీదా? చేప మాది కాదా? మేం ఏమన్న సేట్లమా? ఇంకోన్ని పిలుస్త చూడు!”

వాడికి తెలుగు రాదు. వచ్చినట్టే భయపడ్డాడు. కొంచెం తగ్గించాడు. ఆమె ఇంకా తగ్గించమంది. వాడు కత్తి కింద పెట్టాడు. ఆమె చేపను తన వైపు లాక్కుంది. వాడు అటు లాగాడు. అంగడి అంగడంతా మా చుట్టూ చేరింది. మీసం ఆయన కూడా వచ్చాడు. నేను షారోనును దగ్గరికి తీసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మర్యాదగా నిలబడ్డాను.

చివరికి వాడు దండం పెట్టి కోయడం మొదలుపెట్టాడు. ముక్కలన్నీ సంచుల్లో పడ్డాక, పక్క బల్ల మీద ఎవరో వదిలేసిన చేప తలకాయ వైపు చెయ్యి చూపి సుగుణ గట్టిగా అంది: “అది గూడ ఎయ్యి! కొసరు! గింత పెద్ద చేప కోపిచ్చినంక కొసరు ఎయ్యవా?”

వాడు అది కూడా వేశాడు. వేసి, నా వైపు వేలు చూపించి హిందీలో ఏదో అన్నాడు. షారోను తెలుగు చేసింది.

“అమ్మా, అంకుల్ ఏమంటుండంటే, గా పెద్దమ్మను చూసి నేర్చుకో, ఎంత మర్యాదస్తురాలు, ఒక్క మాటన్న అన్నదా అంటుండు.”

సుగుణ సంచులు పట్టుకుని వెనక్కి తిరిగింది. నెత్తి మీద చేప పొలుసులు మెరుస్తున్నాయి. మా ఇద్దరినీ చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

“అమ్మా,” అంది సాక్ష్యం, “నువ్వు బేరం చేసినవ్. లొల్లి పెట్టినవ్. కొసరు గూడ అడిగినవ్.”

“నేనేమన్న అన్ననా బిడ్డా?” అన్నాను నేను, కొంగు చాటు నుంచి.

“అమ్మమ్మ ఏమనలే.”

“అయితే సుగుణా, మెట్‌పల్లి రాకముందే దీని అవ్వ గిట్లుంటే, ఇది మెట్‌పల్లి వచ్చి కొత్తగ చెడిపోయేదేముందే?”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. చేప సంచులు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక కోసేవాడి బల్లకే ఆనుకుంది. వాడు జాలిపడి నీళ్లిచ్చాడు.

రాత్రి అల్లుడు ఇంటికి వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. “అత్తమ్మా, పాలెక్కడున్నయ్?”

“చేప కింద.”

“పెరుగు?”

“చేప వెనుక.”

“ఈ చేప యాడికెళ్లి వచ్చింది?”

“పందెంల గెలిచిన ప్రభాకర్. నువ్వు టీ తాగు.”

వారమంతా చేపే. నేను ఊరి నుంచి తెచ్చిన చింతపండంతా దానికే సరిపోయింది. పక్కిళ్లకు పంచాం, గోదాములో వాళ్లకు డబ్బాల్లో పంపాం. అన్నిటికంటే బాగా కుదిరింది ఆ కొసరు తలకాయ పులుసు. నేను ఆ మాట సుగుణతో రోజుకొకసారి అన్నాను.

షారోను నాతో వచ్చింది. వేసవంతా నా పక్కనే పడుకుంది. మొదటి వారం అంగడి రోజున చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. పుచ్చకాయల బండి దగ్గర ఆగాం. బండాయన ధర చెప్పాడు. నేను నోరు తెరిచే లోపలే ఈ పిల్ల కుడిచెయ్యి పైకెత్తి, ఆయన చెప్పినదానికంటే ఎక్కువ చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. పోటీకి ఎవరూ లేకపోయినా పిల్ల మళ్లీ చెయ్యెత్తి తన మీద తానే పెంచింది.

“ఏం చేస్తున్నవే!”

“తగ్గించుడు తప్పు, పెంచుడు తప్పు కాదన్నవ్ కదా అమ్మమ్మా?” అని, నా చేతి సంచిలోంచి డబ్బు తీసి ఆయనకిచ్చి, పుచ్చకాయ అందుకుని, మళ్లీ ఆయన బండి మీదే పెట్టింది. “వాపస్ తీస్కో తాతా. మళ్ల అమ్ము.”

బండాయన రెండు చేతులూ జోడించాడు. “అవ్వా, నీకు పున్నెముంటది. గీ పిల్లను రోజూ తోల్కరా.”

కాబట్టి, చదివేవాళ్లందరి ఎదుట, పూర్తి తెలివితో, ఎవరూ బలవంతపెట్టకుండా ఈ మాట ఇస్తున్నాను: చిన్నపిల్లలు చూస్తుండగా ఇక నా కుడిచెయ్యి ఏ వేలంలోనూ పైకి లేవదు.

ఎడమచెయ్యి గురించి నన్నెవరూ అడగలేదు.